ఆత్రేయపురం వెళ్ళొద్దాం రండి!

పూతరేకు రుచి చూడని తెలుగువాళ్ళు ఉంటే ఉండవచ్చు గానీ, పేరు వినని వాళ్ళు మాత్రం ఉండరు. పెళ్ళి భోజనంలో విస్తట్లో వేస్తే ముందు దానికేసే చెయ్యి పోతుంది. నోట్లో పెట్టుకున్నామో లేదో కరిగిపోతుంది. మరి ఆ తెల్లకాగితం లాంటి రేకును ఎవరు చేశారు, ఎలా చేశారు అని మీరెప్పుడైనా ఆలోచించారా? మా తొర్రూరులో చాలామంది అదేదో మిషను మీద వస్తుందనే అనుకుంటారు. కాదండీ! మండుతున్న కుండ మీద, తడిగుడ్డతో, ఒక్కో రేకునీ ఒక ఆడమనిషి తన చేత్తో తీస్తుంది. నేను కళ్ళారా చూసి వచ్చాను. ఆ సంగతులే మీకు చెబుదామని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

అసలు నేను ఆత్రేయపురం దాకా వెళ్ళడానికి కారణం పూతరేకు కాదు, బక్లావా! మా ఎదురింటి వాళ్ళబ్బాయి దుబాయిలో పనిచేస్తాడు. దసరాకి వచ్చినప్పుడు ఒక రేకు డబ్బా తెచ్చాడు. మూత తీస్తే లోపల పచ్చటి పిస్తా పొడి చల్లిన చిన్న చిన్న చదరపు ముక్కలు. కొరికితే పొరలు పొరలుగా విడిపోతోంది. "అక్కా, ఇది మన పూతరేకే గదా, పాకంల ముంచిండ్రు, గంతే" అంది వాళ్ళమ్మ. నవ్వుకున్నాం గానీ, ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

ఈ బక్లావా టర్కీ వాళ్ళ మిఠాయి. గ్రీకులూ, అరబ్బులూ కూడా మాదేనంటారు గానీ ఎక్కువ పేరు టర్కీలోని గాజియాన్‌తెప్ అనే ఊరిది. మనకు కాకినాడ కాజా ఎలాగో వాళ్ళకు ఆ ఊరి బక్లావా అలాగ. సన్నటి గోధుమపిండి ముద్దల మీద గంజిపొడి చల్లుకుంటూ పొడుగాటి సన్న కర్రతో ఒత్తుతారు. ఆ కర్రను ఓక్లావా అంటారు. అవతలి మనిషి కనబడేంత పలచగా వచ్చాక పొర మీద పొర పేరుస్తారు. నలభై పొరల దాకా వేస్తారంటే చూడండి! మధ్యలో పిస్తా, పైన కాచిన వెన్న, కాల్చాక పంచదార పాకం. పని నేర్పే పెద్దాయనను 'ఉస్తా' అంటారు. మనం హైదరాబాదులో అనే ఉస్తాద్ మాటే అది. చిన్నతనం నుంచీ ఉస్తా దగ్గరుండి నేర్చుకుంటేగాని ఆ చేయి తిరగదు. పూర్వం ఇస్తాంబుల్లో సుల్తానులు రంజాను నెల మధ్యలో తమ సైనికులకు బక్లావా పళ్ళేలు పంచేవారు. పదిమందికొక పళ్ళెం చొప్పున! సైనికులు వాటిని మోసుకుంటూ ఊరేగింపుగా వెళ్ళేవారు.

టర్కీ మనకెక్కడో దూరం అనుకోకండి. 1931లో మన ఏడో నిజాం గారు తన ఇద్దరు కొడుకులకూ ఆ రాజవంశపు ఆడపిల్లల్నే తెచ్చుకున్నారు. దుర్రు షెహ్వార్, నీలోఫర్ అని. పిల్లలకు జ్వరం వస్తే హైదరాబాదులో పరుగెత్తే నీలోఫర్ దవాఖానా ఆవిడ పేరు మీదే ఉంది. తొర్రూరు కూడా అప్పుడు నిజాం రాజ్యంలోదే గనుక, వాళ్ళు మా రాజుగారి కోడళ్ళన్నమాట!

సరే, అసలు విషయానికి వస్తాను. మా వీధిలో మాకో పొదుపు సంఘం ఉంది. సంక్రాంతికి ఆర్డర్ల మీద సకినాలు చుట్టి ఇస్తాం. అది నెల రోజుల పని. తక్కిన పదకొండు నెలలూ ఏం చేయాలి? బక్లావా తిన్న రోజు నుంచీ మావాళ్ళకి ఒకటే పట్టు, "మనం పూతరేకులు చేస్తే ఎట్లుంటది? వరంగల్‌ల అమ్ముకుంటం" అని. "నువ్వు పోయి చూసి రా అక్కా" అని నన్ను తరిమారు. మాఘమాసంలో మావారి తరఫు వాళ్ళ పెళ్ళి రాజమండ్రిలో పడింది. పెళ్ళికి పెళ్ళి, పనికి పని!

తొర్రూరు వరంగల్ - ఖమ్మం రోడ్డు మీది ఊరు. రైలు కావాలంటే మహబూబాబాద్ వెళ్ళాలి. 2016 నుంచీ మా జిల్లా కూడా అదే. అక్కడ రాత్రి రైలెక్కితే తెల్లవారుతూనే గోదావరి వంతెన. 2015 నుంచీ బోర్డుల మీద రాజమహేంద్రవరం అని ఉంటుంది గానీ టికెట్టడిగేటప్పుడు అందరం రాజమండ్రి అనే అంటాం. పెళ్ళయిన మర్నాడు ఆటో మాట్లాడుకుని మావారూ నేనూ బయలుదేరాం. ఇరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ.

దారి మాత్రం ఎంత బాగుందో చెప్పలేను. ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ ఎక్కుతాం. కాటన్ దొరగారు 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేసిన ఆనకట్ట ఇక్కడే ఉండేది. ఇప్పుడు మనం దాటే బ్యారేజీ 1982లో పూర్తయింది. ఒక పక్క నిండు నీళ్ళు, ఇంకో పక్క ఇసుక మేటలు. బోరుబావి ఎండిపోతుందేమోనని మాఘమాసం నుంచే ఆకాశం కేసి చూసే ఊరినుంచి వెళ్ళినదాన్ని, ఆ నీళ్ళు చూసి కాసేపు మాట రాలేదు. అవతల బొబ్బర్లంక. అక్కణ్ణించి కాలవ గట్టు వెంబడి కొబ్బరిచెట్లు, అరటితోటలు. లొల్ల లాకులు చూస్తే 'ఇదేదో సినిమాలో చూశానే' అనిపిస్తుంది. నిజమే, అక్కడ చాలా సినిమాలు తీశారు. లాకులు దాటి ఇంకాస్త ముందుకు పోతే ఆత్రేయపురం. పాత తూర్పు గోదావరి జిల్లాలోది, 2022లో జిల్లాలు విడదీసినప్పుడు కోనసీమ జిల్లాలోకి వచ్చింది.

ఊళ్ళో అడుగు పెట్టగానే పూతరేకుల బోర్డులే బోర్డులు. దుకాణాల్లో చుట్టడం కనిపిస్తుంది గానీ రేకు తీయడం కనిపించదు. అది ఇళ్ళల్లో జరుగుతుంది. అడిగితే ఓ కుర్రాడు సందులోకి తీసుకెళ్ళాడు. పెంకుటింటి పక్క వసారాలో ఒకావిడ పీట మీద కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటుంది. "ఎక్కణ్ణుంచమ్మా?" అంది. "వరంగల్ దగ్గర తొర్రూరు అక్కా" అన్నాను. "అంత దూరం నుంచి రేకు చూడ్డానికొచ్చారా! రండి, కూర్చోండి, పొగ అటేపు పోతది" అని చెయ్యి ఆపకుండానే మాట్లాడింది.

ముందు ఆ కుండ సంగతి చెప్పాలి. మామూలు కుండ కాదు. అడుగు భాగం వెడల్పుగా, గుండ్రంగా, నున్నగా ఉండేట్టు ఇందుకోసమే కుమ్మరి చేత చేయిస్తారు. దాన్ని బోర్లించి కింద మంట పెడతారు. మన హైదరాబాదులో బోర్లించిన మూకుడు మీద రుమాలి రొట్టె వేస్తారే, చూడ్డానికి అలాగే. కొత్త కుండ వెంటనే పనికి రాదట. కొన్ని రోజులపాటు కాలుస్తూ, నూనె రాస్తూ, తుడుస్తూ దాన్ని మచ్చిక చేసుకోవాలి. "కుండ కుదరాలమ్మా, కోడలు కుదిరినట్టు" అంది ఆవిడ.

బియ్యం ఏ బియ్యం పడితే ఆ బియ్యం కాదు. జయ రకం వాడతారు. నానబెట్టి, వెన్నలా రుబ్బి, పాలలా పలచగా కలుపుకుంటారు. మనం దోసెపిండి పలచనైతే కంగారు పడతాం, ఇక్కడ దోసెపిండిలా ఉంటే కంగారు పడతారు! ఇంటికొచ్చాక మా మేనల్లుడు, వ్యవసాయ కాలేజీలో చదివినవాడు, ఒక మాట చెప్పాడు. ఈ జయ 1968లో విడుదలైన రకమట. అది బయటికొచ్చిన అఖిల భారత వరి పరిశోధన పథకానికి కేంద్రం మన హైదరాబాదు రాజేంద్రనగర్! అంటే జయ రాకముందు అమ్మమ్మలు వేరే బియ్యంతోనే రేకులు తీసేవారన్నమాట. చేతి పని అలాగే ఉంది, బియ్యం మారింది.

ఇక రేకు తీయడం. కుండ పైన నూనె గుడ్డతో ఓసారి తుడుస్తుంది. జానెడు పైచిలుకు పొడవున్న పలచని తెల్లగుడ్డను రెండు కొసలూ పట్టుకుని పిండిపాలలో ముంచుతుంది. కుండ నెత్తిన ఒక చివర ఆనించి, ఆ చివర నుంచి ఈ చివరకు అలా లాగేస్తుంది. అంతే! గుడ్డ వెళ్ళిన చోట తెల్లటి పూత మిగులుతుంది. రెప్ప వేసి తెరిచేలోగా ఆ పూత ఆరి, అంచులు లేచి, రేకైపోతుంది. వేళ్ళతో తీసి పక్కన పెడుతుంది. మళ్ళీ గుడ్డ, మళ్ళీ పూత. అప్పుడర్థమైంది నాకు, దీనికి పూతరేకు అని పేరెందుకో. పూసిన రేకు!

గ్రీకువాళ్ళు బక్లావా పొరను 'ఫిల్లో' అంటారు. ఆ మాటకు ఆకు అని అర్థం. మన రేకు అంటే పూరేకు. పలచనితనం చెప్పాలంటే ఎవరికైనా చెట్టూ పువ్వూ తప్ప ఇంకోటి తోచదు కాబోలు.

అయితే ఆ పొరకీ ఈ పొరకీ తేడా ఎక్కడుందో వంట చేసేవాళ్ళం మనకు తెలియాలి. గోధుమపిండిలో జిగురుంది. తడిపి నానబెడితే సాగుతుంది, ఒత్తేకొద్దీ పలచబడుతుంది. బియ్యప్పిండికి ఆ జిగురు లేదు. మీరెంత ఒత్తినా బియ్యప్పిండి రొట్టె ఒక పలచనకు వచ్చి చిరుగుతుంది. జొన్నరొట్టె చేసేవాళ్ళకు వేరే చెప్పక్కరలేదు. మరి ఒత్తితే రానిదాన్ని పూసి సాధించారు ఆత్రేయపురం ఆడవాళ్ళు. వేడి తగలగానే బియ్యంలోని గంజి ఉడికి పొరగా బిగుస్తుంది, ఆ వేడికే ఆరిపోతుంది. వియత్నాంలో కూడా బియ్యపు పొరలు చేస్తారు. వాళ్ళు కుండ మూతికి గుడ్డ కట్టి, దాని మీద జావ పోసి, ఆవిరికి ఉడికించి ఎండబెడతారు. వాళ్ళదీ గుడ్డే, మనదీ గుడ్డే. సకినాలు చుట్టేటప్పుడు మనం పరిచేదీ గుడ్డే కదా! వరి పండే చోట ఆడవాళ్ళ చేతిలో గుడ్డ చేసే పనులు ఇన్నీ అన్నీ కావు.

మంటకు ఎండు కొబ్బరాకులే వాడుతోంది. కట్టెలైతే మంట ఒకచోటే గట్టిగా తగులుతుందట. ఆకైతే భగ్గున లేచి కుండంతా సమంగా కాగుతుంది, వద్దనుకుంటే తగ్గుతుంది. ఒక చెయ్యి గుడ్డ మీద, ఇంకో చెయ్యి ఆకు తోయడం మీద. నేనూ ఒకటి తీస్తానంటే నవ్వి గుడ్డ ఇచ్చింది. నాది రేకు కాలేదు, చిల్లుల జల్లెడ అయింది! మూడోసారికి గుడ్డ లాగే వేగం కాస్త తెలిసింది గానీ, అప్పటికే వేలి చివర్లు చురచురలాడాయి. ఆవిడ వేళ్ళు చూశాను. చివర్లు నున్నగా, గీతలు లేకుండా ఉన్నాయి.

"ఎన్నేళ్ళయింది అక్కా ఈ పని?" అంటే "మా అత్త నేర్పింది. పెద్దమ్మాయి పుట్టకముందు నుంచీ" అంది. "అమ్మాయి కూడా చేస్తుందా?" అని అడిగాను. కాసేపు ఆకు తోస్తూ ఊరుకుంది. "వేసంగిలో ఈ కుండ ముందు కూర్చుంటే తెలుస్తదమ్మా. కళ్ళు మంటలు, నడుం నొప్పి. అమ్మాయి కాకినాడలో నర్సు కోర్సు చదివింది. నేనే కూర్చోనివ్వలేదు" అంది. బాధగా చెప్పిందా, గర్వంగా చెప్పిందా అంటే నేను చెప్పలేను. రెండూ ఉన్నాయేమో.

మరి గిట్టుబాటో? రేకుకు వందకింత అని లెక్క. రేకు తీసేవాళ్ళు వేరు, చుట్టేవాళ్ళు వేరు, అమ్మేవాళ్ళు వేరు. ఇంటిల్లిపాదీ కలిసి మూడు పనులూ చేసుకునే కుటుంబాలకు కాస్త మిగులుతుంది. రేకు ఒక్కటే తీసి దుకాణానికి ఇచ్చేవాళ్ళకు కూలి గిట్టడమే గొప్ప. డబ్బా మీద దుకాణం పేరుంటుంది, ఊరి పేరుంటుంది. రేకు తీసిన మనిషి పేరు మాత్రం ఉండదు. గాజియాన్‌తెప్‌లో బక్లావా ఉస్తాకు ఊళ్ళో ఎంత పరువో నేను చదివాను. మన వాళ్ళకు 'ఉస్తా' లాంటి మాటే లేదు. రేకులు తీసే ఆవిడ, అంతే. ఇది నాకు నచ్చలేదు.

ఊరి పేరుకు మాత్రం ఈమధ్య గట్టి రక్షణ దొరికింది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికోసం సర్ ఆర్థర్ కాటన్ పేరుతో ఉన్న అక్కడి తయారీదారుల సంక్షేమ సంఘం దరఖాస్తు చేస్తే, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం వారు సాయపడ్డారు. తిరుపతి లడ్డుకు 2009లో, బందరు లడ్డుకు 2017లో వచ్చిన గుర్తింపు ఇదే. గాజియాన్‌తెప్ బక్లావాకు యూరపు దేశాల వాళ్ళు 2013లో ఇలాంటిదే ఇచ్చారు. టర్కీ సరుకుల్లో యూరపులో ఆ గుర్తింపు పొందిన మొదటిది ఈ మిఠాయేనట. అంటే ఇక ఎవరు పడితే వాళ్ళు ఎక్కడో చేసి 'ఆత్రేయపురం పూతరేకులు' అని అచ్చు వేసుకోవడానికి వీల్లేదు. ఆ పేరు వాడుకోవాలంటే అక్కడి తయారీదారుగా నమోదై ఉండాలి. మా సంఘానికి ఇది తెలియాల్సిన ముఖ్యమైన సంగతి. రేకులు తెచ్చి తొర్రూరులో చుట్టి అమ్ముకోవచ్చు గానీ, ఆ ఊరి పేరు పెట్టుకోకూడదు.

చుట్టడం మనందరికీ వచ్చే పనే కనుక ఆవిడ చూపించినట్టు చెబుతాను. వట్టి రేకు గాజులా పెళుసు, ముట్టుకుంటే పగులుతుంది. నీళ్ళలో ముంచి గట్టిగా పిండిన బట్టను దాని మీద ఒక్క క్షణం అద్దితే మెత్తబడుతుంది. తడి ఎక్కువైతే ముద్దయిపోతుంది, జాగ్రత్త! మెత్తబడ్డ రేకు మీద ఇంకో రేకు పరిచి, కరిగిన నెయ్యి వేళ్ళతో అద్దండి. పంచదారను యాలకులతో కలిపి మెత్తగా పొడి చేసి పలచగా చల్లండి. జీడిపప్పు, బాదం, పిస్తా సన్నగా తరిగి వేసుకోవచ్చు. రెండు పక్కలా లోపలికి మడిచి, కాగితం మడిచినట్టు వరసగా మడుచుకుంటూ రండి. బెల్లంతో అయితే పొడిగా ఉండే గట్టి బెల్లాన్ని సన్నగా తురుముకోవాలి. బెల్లం గాలిలోని తేమను పీలుస్తుంది కాబట్టి ఆ రేకులు త్వరగా మెత్తబడతాయి, ముందు అవే తినేయండి. ఏవైనా తడి తగలని డబ్బాలో పెట్టాలి. ఫ్రిజ్‌లో పెట్టకండి, చెమ్మగిల్లి అట్టలైపోతాయి. నెయ్యి మాత్రం ఇంట్లో కాచినదే వాడండి. పూతరేకులో దాచడానికి ఏమీ లేదు, నెయ్యి బాగా లేకపోతే మొదటి ముక్కకే తెలిసిపోతుంది.

తిరిగొచ్చాక సంఘంలో పెట్టాను. నేను తెచ్చిన వట్టి రేకుల్లో సగానికి సగం రైల్లోనే ముక్కలయ్యాయి. మిగిలిన వాటిని అందరం చుట్టాం. చుట్టడం గంటలో వచ్చేసింది. కుండ పెడదామా వద్దా అన్న దగ్గర మాత్రం రెండు పక్షాలయ్యాం. కుమ్మరి చేత కుండ చేయించొచ్చు, జయ వడ్లు వెతికి తెచ్చుకోవచ్చు, కొబ్బరాకు మాత్రం ఎక్కడిది? మా దగ్గరున్నవి తాటిచెట్లాయె. అంతకంటే ముందు, ఆ కుండ ముందు ఏళ్ళ తరబడి ఎవరు కూర్చోవాలి? "నా బిడ్డనైతే నేను కూసోనియ్య" అంది మా సంఘంలో అందరికంటే గట్టిగా వాదించిన చెల్లె. చివరికి ప్రస్తుతానికి రేకులు ఆ అక్క దగ్గరే కొందామని, దుకాణం ద్వారా కాకుండా ఆవిడకే నేరుగా డబ్బు పంపుదామని అనుకున్నాం. ఫోనులో మాట్లాడితే "పంపుతానమ్మా, ఈసారి అట్టపెట్టెలో పొట్టు పోసి పంపుతా, విరగవు" అంది. ముందు ఉగాదికి చిన్న ఆర్డరుతో చూస్తున్నాం.

మీరూ వెళ్ళదలచుకుంటే రాజమండ్రి వైపు నుంచి గానీ, హైవే మీద రావులపాలెం వైపు నుంచి గానీ వెళ్ళవచ్చు. శనివారం మాత్రం వద్దు. ఆ మండలంలోనే ఉన్న వాడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి ఏడు శనివారాల మొక్కులవాళ్ళు వేలాదిగా వస్తారు, దారంతా జనమే. తక్కిన రోజుల్లో అయితే వాడపల్లీ, ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి గుడీ చూసుకుని రావచ్చు. ర్యాలిలో విగ్రహం ముందు నుంచి చూస్తే విష్ణుమూర్తి, వెనక్కి వెళ్ళి చూస్తే మోహిని, జడతో సహా! రేకు తీయడం చూడాలంటే పొద్దున్నే వెళ్ళండి. ఎండెక్కితే చాలామంది పొయ్యి ఆర్పేస్తారు. చూసిన ఇంట్లోనే ఓ వంద రేకులు కొనుక్కోండి. చేతిసంచిలో కాదు, గట్టి అట్టపెట్టెలో పెట్టించి, రైల్లో ఒళ్ళోనే పెట్టుకుని తెచ్చుకోండి.